మృగశిర కాదు, స్వాతి: నెల్లూరు, ప్రకాశం పల్లెల లెక్క

ఏటా జూన్ మొదటి వారంలో టీవీలో ఒకటే వార్త. రుతుపవనాలు వచ్చేశాయి, మృగశిర కార్తె మొదలైంది, రైతులు దుక్కులకు సిద్ధమవుతున్నారు. కందుకూరు దగ్గర మా ఊళ్లో ఆ వార్త చూస్తూ మా మామ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "వాళ్లకి వచ్చినాయిలే అబ్బయ్యా. మనకి ఇంకా నాలుగు నెల్లుండాది." అప్పటికి బయట వడగాలి కొడుతోంది. చెరువులో బర్రెలు దిగడానికి కూడా నీళ్లు లేవు.

నెల్లూరు, ప్రకాశం పల్లెల గురించి రాసేవాళ్లు సాధారణంగా పంటల జాబితా ఒకటి, పండగల జాబితా ఒకటి ఇచ్చి ఊరుకుంటారు. వరి, పొగాకు, రొయ్యలు, ఒంగోలు గిత్తలు, రొట్టెల పండుగ. అన్నీ నిజమే. కానీ పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లలో ఒకటి మాగాణి ఎందుకైంది, రెండోది ఇళ్లకు తాళాలేసి బెంగళూరు ఎందుకు పోయింది అన్నది ఆ జాబితాల్లో దొరకదు. దానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వాన ఎప్పుడొస్తుంది? వచ్చిన నీళ్లు ఎక్కడ ఆగుతాయి?

జిల్లా పేరును పట్టుకుని వెళ్తే మాత్రం దారి తప్పుతాం. కందుకూరునే చూడండి. 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కందుకూరు అందులోకి వెళ్లింది. 2022 విభజనలో మళ్లీ నెల్లూరుకు వచ్చింది. ఆ తర్వాత కూడా ఈ గీతల మీద కదలిక ఆగలేదు. కలెక్టరాఫీసు ఏ ఊళ్లో ఉంటే ఏం, వాన మాత్రం ఎప్పుడొచ్చేదో అప్పుడే వస్తోంది. అందుకే ఇక్కడ నేను నెల్లూరు, ప్రకాశం అన్నప్పుడల్లా పాత ఉమ్మడి జిల్లాలనే అనుకోండి.

జూన్‌లో బయల్దేరే నైరుతి గాలులు పడమటి కనుమల మీదే చాలా నీళ్లు దించేసుకుంటాయి. రాయలసీమ దాటి, నల్లమల, వెలిగొండలు దాటి ఇటు వచ్చేసరికి వాటిలో పెద్దగా తడి మిగలదు. అక్టోబరు మధ్యకు గాలి దిక్కు మారుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు పుట్టడం మొదలవుతుంది. అప్పుడు తడిసేది ఈ తీరమే. నెల్లూరు జిల్లాలో ఏడాది సగటు వర్షం 1,080 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందులో దాదాపు 660 ఒక్క అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. నైరుతి నాలుగు నెలల్లో పడేది ఆ 660లో సగమే. ప్రకాశంలో మొత్తమే 870 దాకా, రెండు రుతుపవనాలకూ ఇంచుమించు సమాన వాటా. మిగతా రాష్ట్రంలో ఖరీఫ్ అసలు పంట, రబీ కొసరు. ఇక్కడ స్వాతి, విశాఖ కార్తెల్లో పడే వానే అసలు వాన. ప్రభుత్వ కాగితాల్లో రబీ అని రాసేదే మాకు పెద్ద పంట.

అందుకని ఇక్కడ కార్తీక మాసమంటే ఒక పక్క దీపాలు, ఇంకో పక్క టెన్షన్. అల్పపీడనం రాకపోతే చెరువు నిండదు. గట్టిగా వస్తే నారు కొట్టుకుపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నాటిన పొగాకు మొక్కలు నీళ్లలో మునిగి కుళ్లిపోయాయి. చాలామంది దున్నేసి మళ్లీ నాటారు. పంట ఇచ్చేది, అప్పులో ముంచేది కూడా ఆ వానే.

పొగాకు అనగానే "ఇంకా ఆ పంట ఎందుకండీ?" అని అడుగుతారు నగరాల్లో. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మాత్రం నేలలోంచి మొదలుపెట్టాలి. ఒంగోలు, టంగుటూరు, కొండపి చుట్టుపక్కల నల్లరేగడి నవంబరు వానను తాగి, సంక్రాంతి దాటాక కూడా అడుగున తడి దాచుకుంటుంది. పైన ఎండ, తెల్లవారుజామున మంచు, అడుగున చెమ్మ. సిగరెట్లలోకి పోయే వర్జీనియా పొగాకుకు సరిపోయిన వాతావరణం ఇదే. శనగకూ ఇదే సరిపోతుంది. "శనగ మంచుకు పండుద్ది" అంటారు మావాళ్లు. కాలవ, బోరు లేని రైతుకు ఈ నేల ఇచ్చే అవకాశాలు ఇలాంటివి రెండో మూడో, అంతే.

పొగాకు ఊరికి ఫిబ్రవరిలో వెళ్లండి. పొలాల మధ్య రెండంతస్తుల ఎత్తున, కిటికీల్లేని గదులు కనిపిస్తాయి. అవే ఆకును సెగకు ఆరబెట్టే బ్యారన్‌లు. బయట పొయ్యి, లోపల నేల మీద వేడి పాకే ఇనప గొట్టాలు, పైన అంతస్తులంతస్తులుగా దూలాలు. ఆకు ఒక్కసారే కొయ్యరు. కింద నుంచి పైకి, పండిన ఆకును పండినట్టు కోస్తారు. చెట్టు నీడన ఆడవాళ్లు వరసగా కూర్చుని కర్రకు ఆకు అల్లుతారు. చూస్తే పూల దండ కట్టినంత తేలిగ్గా ఉంటుంది. ఒకసారి నేనూ కూర్చున్నాను. పది కర్రలు అయ్యేసరికి వేళ్లకు నల్లటి జిగురు పట్టింది. రెండు రోజులు ఏం తిన్నా చేదే. వాళ్లు అదే చేత్తో మధ్యాహ్నం సద్ది తింటారు.

ఆకు లోపలికి ఎక్కాక అసలు పరీక్ష. మొదట సన్నటి సెగ, ముప్పై అయిదు డిగ్రీల చుట్టుపక్కల. ఆకుపచ్చ పోయి పసుపు రావాలి. తర్వాత మెల్లగా వేడి పెంచి ఆ రంగు నిలబెట్టాలి. చివరికి డెబ్బై దాకా తీసుకెళ్లి మధ్య ఈనె ఎండగొట్టాలి. మొత్తం అయిదారు రోజులు. ఆ అయిదారు రాత్రులు ఒక మనిషి పొయ్యి దగ్గర నిద్ర కాచుకోవాలి. వేడి తొందరపడితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, ఆలస్యమైతే గోధుమ రంగుకు తిరుగుతుంది. వేలంలో ధర పలికేది ఆ రంగును బట్టే. ఏడాది కష్టం ఒక్క కునుకుకు పోవచ్చు.

ఈ పంటలో బయటివాళ్లకు కనపడని చిక్కుముడి ఇంకోటుంది. 1976లో పొగాకు బోర్డు వచ్చాక, వర్జీనియా ఎవరుపడితే వాళ్లు పండించడానికి లేదు. బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, ఒక్కో బ్యారన్‌కు ఇంత ఆకు అని బోర్డు ముందే నిర్ణయిస్తుంది. అంటే పొలం ఒక ఆస్తి, బ్యారన్ ఇంకో ఆస్తి. ఊళ్లో బ్యారన్ ఉన్న పాత ఆసామి హైదరాబాద్‌లో స్థిరపడి ఉంటాడు. సాగు చేసే కౌలు రైతు పొలానికొక కౌలు, బ్యారన్‌కొక కౌలు కడతాడు. ఆపైన పుల్లల ఖర్చు, కూలి ఖర్చు. అంతా అయ్యి వేలం కేంద్రానికి బేళ్లు తీసుకెళ్తే, బోర్డు దగ్గర పేర్లు నమోదైన కంపెనీల వాళ్లు బేలు బేలుకూ ధర వేసుకుంటూ పోతారు. కొన్నిటికి ఎవరూ ధర వెయ్యరు. దాన్ని నో బిడ్ అంటారు. ఆ బేలును మళ్లీ కిరాయి పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

ఇన్ని కష్టాలున్నా వేలం ఉండటమే నయమని 2025లో బర్లీ అనే ఇంకో రకం పొగాకు రైతులకు తెలిసొచ్చింది. బర్లీ పొగాకు బోర్డు వేలంలోకి రాదు. ముందు ఏడాది ధర చూసి జనం విపరీతంగా వేశారు, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. పొగాకు వద్దనుకుని జామాయిల్, సుబాబుల్ వేసినవాళ్లూ ఉన్నారు. ఊళ్లో లేని ఆసామికి అది సుఖం. కానీ జామాయిల్ వేసిన పొలంలో మూడు నాలుగేళ్లకోసారి కోత తప్ప పనుండదు. ఆకు అల్లే ఆడవాళ్లకు ఫిబ్రవరిలో దొరికే కూలి అక్కడితో సరి. పొగాకు మానాలని చెప్పే పథకాలు సాధారణంగా రైతుతో మాట్లాడతాయి, ఈ ఆడవాళ్లతో మాట్లాడిన పథకం నా కంట్లో పడలేదు.

ఈ నల్లరేగడి ఊళ్ల సరదా కూడా ఈ నేలనుంచే వచ్చింది. బరువైన రేగడి దున్నాలంటే బలమైన ఎద్దు కావాలి. గుండ్లకమ్మ, మూసీ (హైదరాబాద్ మూసీ కాదు, మా వైపు ఏరు) మధ్య మేపులో పెరిగిన ఒంగోలు జాతి అలా తయారైంది. ఇప్పుడు దున్నేది ట్రాక్టరే. గిత్తలు బతుకుతున్నది బండలాగుడు పోటీల పుణ్యాన. పళ్లను బట్టి విభాగాలు: రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్స్. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయో అంత. మైకులో అడుగులు చదువుతుంటే జనం క్రికెట్ స్కోరు విన్నట్టు వింటారు. జత లక్షలు పలుకుతుంది, వాటి దాణా ఖర్చు ఇంట్లో పిల్లల ఫీజుల కంటే ఎక్కువని నవ్వుతూనే చెప్తారు. ఇదే జాతి ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లి నెలోర్ పేరుతో అక్కడి పశుసంపదలో పెద్ద భాగం అయింది. మనకు ఒంగోలు, వాళ్లకు నెల్లూరు. ఈ పేచీ మా రెండు జిల్లాల వాళ్ల మధ్య ఎప్పటికీ తెగదు.

సముద్రం ఒడ్డు ఊళ్ల సంగతి వేరే వ్యాసానికి సరిపడా ఉంది, ఇక్కడ రెండు ముక్కలు చెప్తాను. పట్టపుకాపులనే మత్స్యకారుల పల్లెల్లో వేటకు, వలలకు, తగాదాలకు ఊరి కాపుల, అంటే పెద్దల, మాటే చట్టం. వాళ్లు వేసే కట్టడిని దురాయి అంటారు. మీరితే జరిమానా, ఒక్కోసారి వెలి. సముద్రాన్ని అందరూ పంచుకోవాలంటే అలాంటి కట్టు అవసరమే అనిపిస్తుంది. వెలి దాకా వెళ్లినప్పుడు మాత్రం సమర్థించలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం.

ఒడ్డుకు కాస్త లోపల బకింగ్‌హాం కాలవ వెంబడి రొయ్యల గుంటలు. 1990ల్లో టైగర్ రొయ్య వచ్చి డబ్బు చూపించింది, వెనకే తెల్లమచ్చ తెగులు వచ్చి ఊడ్చుకుపోయింది. 2009 తర్వాత వెనామీ రకం రొయ్య వచ్చింది. ధర కౌంట్ మీద. కిలోకు 30 తూగితే 30 కౌంట్, వంద తూగితే వంద కౌంట్. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ గుంటగట్టు దాకా వచ్చింది. మూడు వైపులా ఉప్పునీటి గుంటలుంటే నాలుగో వైపు వరి మడి ఎన్నాళ్లో నిలవదు. గుంట తవ్విన రైతు నష్టపోతే మళ్లీ వరి వేద్దామన్నా నేల ఒప్పుకోదు.

ఇక మాగాణి. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టిన పెన్న మొత్తం పొడవు దాదాపు ఆరువందల కిలోమీటర్లు. అందులో చాలా దూరం ఎండిన సీమలోంచి వచ్చి, సోమశిల దగ్గర కొండలు దాటి నెల్లూరు మైదానంలో పడుతుంది. సోమశిల జలాశయం 78 టీఎంసీలు పడుతుంది. కింద సంగం, నెల్లూరు బ్యారేజీలు. కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం, ఇందుకూరుపేట, అల్లూరు ఊళ్లన్నీ వీటి కాలవల మీదే. నదిలో సొంత వాన తక్కువ కాబట్టి పెన్న ఎక్కువ కాలం ఇసుకే. వస్తే మాత్రం ఒక్కసారిగా వస్తుంది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, చెన్నై-కోల్‌కతా హైవే తెగింది. రాష్ట్రంలో మిగతాచోట్ల వరి కోతలు నడుస్తున్న నెల అది. ఇక్కడ నారు పోసే నెల.

డెల్టాలో పెద్ద పంట నవంబరు, డిసెంబరుల్లో నాటి మార్చి, ఏప్రిల్‌లో కోస్తారు. ఆ తర్వాత వేసేది ఎడగారు. ఎడగారు ఉంటుందో లేదో రైతు చేతిలో లేదు. సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయో చూసి, నీటిపారుదల సలహా మండలి కూర్చుని, ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో తేలుస్తుంది. మా వైపు ఐఏబీ మీటింగు అంటారు. పొదుపు సంఘం మీటింగుకు రానివాళ్లు కూడా ఐఏబీలో ఏం జరిగిందో కనుక్కుంటారు.

వడ్లు అమ్మేటప్పుడు ఇంకో లెక్క వస్తుంది. నెల్లూరులో వడ్లు క్వింటాల్లో కాదు, పుట్టిలో అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో ఎ-గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలు 2,320 రూపాయలు, అంటే పుట్టికి 19,720. కాగితం మీద ఇంతే. పొలం దగ్గర జరిగేది చెప్తాను. కోత మిషన్ దిగిన పూటే వడ్లు అమ్మాలి, ఆరబోయడానికి కళ్లం లేదు, గోతాలు లేవు. దళారి గుప్పెడు గింజలు తీసి నలిపి, నోట్లో వేసుకుని కొరికి, "తేమ ఉందన్నా" అంటాడు. ఆ తేమ కింద పుట్టికి ఇంత అదనం తూకం అడుగుతాడు. ధర దించినట్టు ఎక్కడా కనపడదు, పుట్టే సాగుతుంది. దూరపు బంధువొకాయన, అల్లూరు వైపు రైతు, పెళ్లిలో అడిగితే ఇలా అన్నాడు: "పుట్టంటే ఎంతా అని మమ్మల్ని అడుగుతావేందబ్బా, కొనేవాడినడుగు." కొనుగోలు కేంద్రాలు పెద్ద పంట కోతలకు ముందే తెరిస్తే ఈ సాగదీత చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. మిగతా రాష్ట్రానికి రబీ కోతలు ఇంకా రాని వేళ ఇక్కడ కోతలైపోతుంటాయి.

పండగలు కూడా ఈ నీళ్ల చుట్టూనే. కనుమనాడు నెల్లూరులో ఆడవాళ్లు గొబ్బెమ్మలు తెచ్చి పెన్నలో కలుపుతారు. అదే ఏటి పండుగ. నవంబరు వరద పోయి ఇసుక తిన్నెలు తేలి, పక్కన సన్నగా నీరు పారుతున్న రోజులవి, ఏటిలో కూర్చుని అన్నాలు తినొచ్చు. మొహర్రంలో రొట్టెల పండుగ నెల్లూరు స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా పక్కన. మోకాలి లోతు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె పంచుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటేడు ఆ రొట్టె తెచ్చి ఇంకొకరికివ్వాలి. ఇచ్చేవాళ్లలో, పుచ్చుకునేవాళ్లలో హిందువులూ చాలామంది కనిపిస్తారు.

పడమటికి, కనిగిరి, పామూరు, పొదిలి వైపు వెళ్తే నీళ్లు ఆగే చోటే ఉండదు. ఎర్రనేల, రాతి గుట్టలు. బోరులో పడిన నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు పసుపెక్కడం, కీళ్లు బిగుసుకుపోవడం ఇక్కడ రెండు మూడు తరాల కథ. ఇంకా పైకి వెళ్తే గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలం నాటి కంభం చెరువు ఉంది, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఆ తర్వాత ఈ ప్రాంతానికి అంత పెద్ద ఆశ వెలిగొండ ప్రాజెక్టే. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం నీళ్లకోసం కొండ కింద దాదాపు 19 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు తవ్వారు. 2024 నాటికి తవ్వకం పూర్తయింది. కానీ మునిగే ఊళ్ల పునరావాసం, కాలవల పని తేలితేగాని నీళ్లు పొలానికి రావు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు బేల్దారి మేస్త్రులు.

బేల్దారి అంటే ఇటుక, సిమెంటు పని. పడమటి పల్లెల్లో పంట పేరు అడిగితే కంది అంటారు, ఆదాయం పేరు అడిగితే బేల్దారి అంటారు. మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, ఆలుమగలు హైదరాబాద్‌కో బెంగళూరుకో పోతారు, ముసలాళ్లు, పిల్లలు ఇంట్లో. సంక్రాంతికి, ఊరి తిరునాళ్లకు మాత్రం అందరూ దిగుతారు. ఆ నాలుగు రోజులకే కొత్త గుడి గోపురం, లైటింగు, పాటకచ్చేరి. చందాల బోర్డు మీద పేర్ల పక్కన ఊళ్ల పేర్లుంటాయి: మియాపూర్, యలహంక. గ్రామ జీవనం అంతరించిందని నిట్టూర్చే ముందు ఆ బోర్డు ఒకసారి చదవాలి.

పోనివాళ్లలో గొర్రెల కాపరులూ ఉన్నారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, మాంసానికే. ఎర్రది దొర, తెల్లది పల్ల, మూతి దగ్గర నల్లమచ్చలున్నది జోడిపి. చలికాలం కొండవాలు మేపు చాలు. ఫిబ్రవరి దాటితే గడ్డి పోతుంది. అప్పుడు మందను తూర్పుకు తోలతారు, రోజుకు కొంత నడక, ఏప్రిల్‌కు డెల్టాలో. కోసిన మడుల్లో కొయ్యకాళ్లు, గట్ల మీద పచ్చిక. రాత్రి ఏ రైతు మడిలో మంద కడితే ఆ మడికి ఎరువు. అందుకు రైతే కాపరికి డబ్బో వడ్లో ఇస్తాడు.

ఆ మంద అక్కడ ఎన్నాళ్లుంటుందో తేల్చేది కూడా ఐఏబీ మీటింగే. సోమశిలలో నీళ్లుండి ఎడగారుకు వదిలితే మడులు మళ్లీ దమ్ములోకి వెళ్తాయి, గొర్రెలకు చోటుండదు, ఇంకెక్కడికైనా తోలుకుపోవాలి. నీళ్లు లేవంటే డెల్టా రైతు తల పట్టుకుంటాడు, మంద ఇంకో రెండు నెలలు అక్కడే మేస్తుంది. మొన్న వేసవిలో కోవూరు దగ్గర రోడ్డు పక్క వేపచెట్టు కింద పామూరు వైపు కాపరి ఒకాయన కనిపించాడు. భుజాన గొంగడి, చేతిలో చిన్న ఫోను. ఎవరికో చేసి గొర్రెల సంగతి, ఇంటి సంగతి అయ్యాక గొంతు తగ్గించి అడుగుతున్నాడు: "కాలవకి ఇడస్తారంటనా, లేదంటనా?"